ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌లో ఓడిపోయారా? 42 రోజుల్లో అప్పీలు వేసే పద్ధతి

బ్రిటన్‌లో జీతం ఎగ్గొట్టారనో, అన్యాయంగా తీసేశారనో, వివక్ష చూపారనో ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కి వెళ్లి ఓడిపోతే, తర్వాతి మెట్టు ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రిబ్యునల్. అందరూ ఈఏటీ అంటారు. ఇంగ్లండ్, వేల్స్ తీర్పుల మీద అప్పీళ్లు లండన్‌లో ఫెటర్ లేన్ పక్కనున్న రోల్స్ బిల్డింగ్‌లోని ఆఫీసుకి వెళ్తాయి. స్కాట్లండ్‌వి ఎడిన్‌బరా ఆఫీసుకి. ఉత్తర ఐర్లండ్ సంగతి వేరు, అక్కడి కేసులు ఈఏటీకి రావు.

ఇక్కడ అప్పీలు వేయడానికి ఫీజు లేదు. 2013 జులై నుంచి నాలుగేళ్లపాటు ఉండేది: నోటీసు వేయడానికి 400 పౌండ్లు, విచారణకి మరో 1,200. యూనిసన్ అనే కార్మిక సంఘం వేసిన కేసులో 2017 జులై 26న సుప్రీంకోర్టు ఆ ఫీజులు చెల్లవని కొట్టేసింది. కాబట్టి డబ్బు అడ్డం కాదు. అడ్డం వచ్చేది గడియారం, ఆ తర్వాత కాగితాలు. కేసులో బలం ఉందా లేదా అని జడ్జి చూసే దశ దాకా కూడా రాకుండా, ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోయే అప్పీళ్లకి కారణం ఎక్కువగా ఈ రెండే. అందుకే ముందు తేదీల సంగతి చూద్దాం. వాదన తర్వాత.

తీర్పు చివరి పేజీ చూడండి

తీర్పు ఈమెయిల్‌లో వచ్చిన రోజే చివరి పేజీకి వెళ్లండి. అక్కడ మామూలుగా రెండు తేదీలుంటాయి. ఒకటి జడ్జి సంతకం పెట్టిన తేదీ. దాని కింద, పార్టీలకు పంపిన తేదీ అని మరొకటి. విచారణ జరిగిన తేదీలు మొదటి పేజీలో వేరేగా ఉంటాయి. మీ గడువు లెక్క మొదలయ్యేది పార్టీలకు పంపిన తేదీ నుంచి. జడ్జి సంతకం పెట్టాక వారం తర్వాత పంపడం మామూలే, కాబట్టి ఈ రెండింటినీ కలిపేసుకోకండి. మీరు ఎప్పుడు తెరిచి చదివారన్నది లెక్కలోకి రాదు. స్పామ్ ఫోల్డర్‌లో పడి పది రోజులు కనిపించకపోయినా, పాత అడ్రసుకి ఉత్తరం వెళ్లినా, గడియారం ఆగదు. కేసు నడుస్తుండగా ఇల్లు మారినా, ఈమెయిల్ మారినా ట్రిబ్యునల్‌కి రాతపూర్వకంగా చెప్పాల్సిన అవసరం ఇందుకే.

గడువు 42 రోజులు. పంపిన రోజుని వదిలేసి మర్నాటి నుంచి లెక్కపెట్టాలి. సులువైన గుర్తు: పంపింది బుధవారమైతే, ఆరు వారాల తర్వాత వచ్చే బుధవారమే ఆఖరి రోజు. 2026 మార్చి 4 బుధవారం పంపారనుకుంటే ఆఖరి రోజు ఏప్రిల్ 15 బుధవారం. ఆ రోజు అర్ధరాత్రి దాకా కాదు, సాయంత్రం 4 గంటల్లోపు. 4 దాటాక చేరింది మర్నాడు చేరినట్టే, అంటే ఆలస్యమైనట్టే. ఒక్క నిమిషమైనా ఆలస్యమే.

ఆఖరి రోజున ఈఏటీ ఆఫీసు మూసి ఉంటే, మళ్లీ తెరిచే రోజుకి గడువు జరుగుతుంది. ఉదాహరణకి 2026 ఫిబ్రవరి 23 సోమవారం పంపిన తీర్పుకి 42వ రోజు ఏప్రిల్ 6. అది ఈస్టర్ సోమవారం, లండన్ ఆఫీసుకి సెలవు. కాబట్టి 7వ తేదీ మంగళవారం సాయంత్రం 4 దాకా సమయం ఉంటుంది. కానీ ఈ వెసులుబాటు ఆఖరి రోజుకే. మధ్యలో వచ్చే శనాదివారాలు, సెలవులు అన్నీ 42లో కలిసే ఉంటాయి.

వీసా రద్దయి హైదరాబాదుకో విజయవాడకో తిరిగొచ్చేసి అక్కణ్ణుంచి అప్పీలు వేసేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చలికాలంలో లండన్ సాయంత్రం 4 అంటే మనకి రాత్రి 9:30. మార్చి ఆఖరి ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకి తిప్పుతారు, అప్పటినుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా మనకి రాత్రి 8:30. పైన చెప్పిన మార్చి 4 ఉదాహరణే చూడండి. తీర్పు పంపిన నాడు తేడా అయిదున్నర గంటలు, ఆఖరి రోజుకి నాలుగున్నర. 9:30 దాకా టైముందిలే అని కూర్చున్నవాడు గంట ఆలస్యంగా వేసినట్టు.

కారణాలు రాతలో అడగడం, 14 రోజుల్లో

తీర్పు అంటే ఫలితం. ఫిర్యాదు కొట్టేశాం, ఇన్ని పౌండ్లు చెల్లించాలి, ఇలా ఒకటి రెండు పేజీలు. ఆ ఫలితానికి ఎలా వచ్చారో వివరించేది వేరే: దాన్ని రిటెన్ రీజన్స్ అంటారు. పెద్ద కేసుల్లో తీర్పుని విచారణ రోజే చెప్పకుండా రిజర్వు చేసి, తర్వాత రెంటినీ కలిపే పంపుతారు. కానీ చాలాసార్లు విచారణ ఆఖర్న జడ్జి కారణాలు నోటితో చెప్పేసి, తర్వాత తీర్పు కాగితం మాత్రమే పంపుతారు. అప్పుడు కారణాలు రాతలో కావాలని అడగాల్సింది మీరే. విచారణ జరుగుతుండగానే అక్కడికక్కడే అడగొచ్చు. లేదా తీర్పు కాగితం పంపిన తేదీ నుంచి 14 రోజుల్లో రాసి అడగాలి.

దీన్ని వదిలేస్తే రెండు విధాలా నష్టం. ఒకటి, కారణాలు కాగితం మీద లేనిదే ట్రిబ్యునల్ ఎక్కడ తప్పు చేసిందో చూపడం దాదాపు అసాధ్యం. రెండోది, సమయానికి అడిగితే 42 రోజులు ఆ రాతపూర్వక కారణాలు పంపిన తేదీ నుంచి మొదలవుతాయి. మార్చి 4న తీర్పు వచ్చి, 18లోపు మీరు కారణాలు అడిగి, అవి ఏప్రిల్ 20న పంపితే, ఆఖరి రోజు జూన్ 1. 14 రోజులు దాటాక అడిగితే, ట్రిబ్యునల్ దయతలచి కారణాలు పంపినా, గడువు మాత్రం తీర్పు తేదీ నుంచే నడుస్తుంది. అందుకని ఓడిపోయామని విన్న క్షణంలోనే, అప్పీలు వేస్తామో లేదో తేల్చుకోకముందే, కారణాలు రాతలో ఇవ్వమని అడిగేయండి. అడిగినంతమాత్రాన అప్పీలు వేసి తీరాలని లేదు.

కేసు నడుస్తుండగా ఇచ్చే ఆర్డర్ల మీద కూడా అప్పీలుంది. ఫలానా పత్రాలు ఇవ్వక్కర్లేదనో, ఫిర్యాదులో మార్పు కుదరదనో చెప్పేవి ఇలాంటివే. వాటికీ 42 రోజులే, ఆర్డర్ తేదీ నుంచి.

పునఃపరిశీలన వేశాం కదా అని ఆగొద్దు

అదే ట్రిబ్యునల్‌ని తన తీర్పుని మళ్లీ చూడమని అడిగే పద్ధతి ఒకటుంది, రీకన్సిడరేషన్ అంటారు. దానికీ 14 రోజులే, తీర్పు పంపిన తేదీ నుంచి గానీ, కారణాలు తర్వాత వస్తే వాటి తేదీ నుంచి గానీ. విచారణకి నోటీసు అందకపోవడం, తీర్పు తర్వాత కొత్త పత్రం బయటపడటం, పరిహారం లెక్కలో కూడిక తప్పడం వంటివాటికి ఇదే సరైన దారి. ఈఏటీ దాకా వెళ్లక్కర్లేదు.

అయితే ఈ దరఖాస్తు అప్పీలు గడువుని ఆపదు. ట్రిబ్యునల్ జవాబు రెండు నెలలకి వస్తే అప్పటికి 42 రోజులు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. రెండూ వేయండి. అప్పీలు ఫారంలోనే పునఃపరిశీలన అడిగామని రాసే చోటుంది. దరఖాస్తు కాపీ, దానిమీద నిర్ణయం వచ్చి ఉంటే అదీ జత చేయండి.

ఇంకో వల. చాలా కేసుల్లో తప్పెవరిదో ముందు తేల్చి, పరిహారం ఎంతో తేల్చడానికి నెలల తర్వాత వేరే విచారణ పెడతారు. అన్నీ తేలాక ఒకేసారి అప్పీలు వేద్దామనుకుంటే మొదటి తీర్పు గడువు దాటిపోతుంది. ప్రతి తీర్పుకీ దాని 42 రోజులు దానివే.

ఏమేం పంపాలి

మొదటిది, అప్పీలు నోటీసు. దానికి నిర్ణీత ఫారం ఉంది, ప్రభుత్వ వెబ్‌సైటు గవ్.యూకేలో దొరుకుతుంది. రెండోది, అప్పీలు చేస్తున్న తీర్పు లేదా ఆర్డర్ కాపీ. మూడోది, రాతపూర్వక కారణాల కాపీ. కారణాలు లేకపోతే ఎందుకు లేవో వివరణ రాయాలి: అడిగాం, ఇంకా రాలేదు అనో, నోటితోనే చెప్పారు అనో.

ఒకప్పుడు మీ ఫిర్యాదు ఫారం ఈటీ1, కంపెనీ జవాబు ఫారం ఈటీ3 కూడా తప్పనిసరిగా జత చేయాల్సి వచ్చేది. అందులో ఒక్కటి మర్చిపోయినా అప్పీలు వేయనట్టే లెక్క. ఈటీ3లో ఒక పేజీ స్కాన్ కాకపోవడం వల్ల గడువు దాటినవాళ్లున్నారు. 2023 సెప్టెంబరు 30 నుంచి ఆ రెండూ అక్కర్లేదు. పాత గైడ్లు, పాత వీడియోలు చూసి కంగారుపడొద్దు. మిగతా మూడు మాత్రం ఉండి తీరాలి.

అందరూ పడే పొరపాటు: తీర్పు వేరు ఫైలుగా, కారణాలు వేరు ఫైలుగా వచ్చి ఉంటాయి. కారణాల ఫైలు ముప్పై పేజీలుంటుంది, అదే అసలు తీర్పనుకుని దాన్ని మాత్రమే పంపి, ఒక పేజీ తీర్పుని వదిలేస్తారు. లేదా దీనికి తిరగేసి చేస్తారు. పంపే ముందు రెండు ఫైళ్లూ తెరిచి, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా నంబర్లు వరసగా ఉన్నాయా చూడండి. ఫోన్‌తో ఫొటోలు తీసి పంపేవాళ్లయితే ఇది మరీ ముఖ్యం, వెనకవైపు పేజీలు తప్పిపోయేది అక్కడే.

లాయర్లు కోర్టుల ఈ-ఫైలింగ్ పద్ధతి సీఈ-ఫైల్‌లో వేస్తారు. సొంతంగా నడుపుకునేవాళ్లు కూడా అందులో వేయొచ్చు, కాకపోతే ముందు ఖాతా తెరవాలి. ఆఖరి రోజున కాదు, వారం ముందే. ఈమెయిల్‌లో పంపితే అటాచ్‌మెంట్ పరిమాణం చూసుకోండి. మరీ పెద్ద ఫైలైతే అవతలి సర్వరు తిప్పికొడుతుంది, ఆ సంగతి మీకు తెలిసేసరికి 4 దాటిపోతుంది. రెండు మూడు మెయిళ్లుగా విడగొట్టి, 3లో 1, 3లో 2 అని సబ్జెక్టులో రాసి, అన్నీ 4 లోపు చేరేలా పంపండి. డ్రైవ్ లింకు పెట్టి అందులో చూసుకోండి అంటే పత్రం చేర్చినట్టు కాదు. అందిందని జవాబు రాకపోతే మర్నాడే ఫోన్ చేసి అడగండి. ఇవన్నీ సర్దుకోవడానికి చోటుండాలంటే 42వ రోజున కాక 35వ రోజున పంపేలా చూసుకోండి.

గ్రౌండ్స్ రాయడం

అసలు పని ఇక్కడుంది. గ్రౌండ్స్ అంటే, తీర్పు ఎక్కడ తప్పో చెబుతూ నోటీసులో మీరు రాసే అభ్యంతరాలు. 1996 నాటి ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్స్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఈఏటీ చూసేది చట్టానికి సంబంధించిన ప్రశ్నని మాత్రమే. కేసు మళ్లీ మొదటి నుంచి వినరు. సాక్షుల్ని పిలవరు. ఎవరు నిజం చెప్పారు, ఎవరు అబద్ధం ఆడారు అన్నది ట్రిబ్యునల్ తేల్చేసింది, దాన్ని తిరగదోడరు. మన ఊళ్లో జిల్లా కోర్టు నుంచి పైకోర్టుకి మొదటి అప్పీలు వేస్తే సాక్ష్యాలు కూడా తిరిగి తూకం వేస్తారు. ఆ అలవాటుతో వచ్చినవాళ్లకి ఇది మింగుడుపడదు.

చట్టం తప్పు అంటే ఏమిటి? ట్రిబ్యునల్ చట్టం చెప్పినది కాక వేరే కొలబద్దతో తూచడం, సరైన చట్టం చెప్పి కూడా అన్వయించకపోవడం ఒక రకం. మీరు లేవనెత్తిన ముఖ్యమైన అంశం మీద అసలు నిర్ణయమే ఇవ్వకపోవడం ఇంకోటి. ఎందుకు ఓడిపోయారో పార్టీకి అర్థమయ్యేంత వివరంగా కారణాలు చెప్పకపోవడం మరోటి, దీనికి 1987 నాటి మీక్ కేసు ఆధారం. ఒక నిర్ణయానికి సాక్ష్యమంటూ ఏమీ లేకపోవడం. పక్షపాతం, లేదా మీ మాట చెప్పుకోనివ్వకపోవడం. చివరగా పర్వర్సిటీ: సక్రమంగా ఆలోచించే ఏ ట్రిబ్యునలూ ఇలాంటి నిర్ణయానికి వచ్చేది కాదు అని చూపడం. ఇది అన్నిటికన్నా కష్టం. 2002లో యెబోవా కేసులో, ఈఏటీ పైనున్న కోర్ట్ ఆఫ్ అప్పీల్, ఇది నెగ్గాలంటే తిరుగులేనంత బలంగా రుజువు చేయాలంది. ఏమీ దొరక్క పర్వర్సిటీ అని ఒక్క ముక్క రాసేస్తే, జడ్జి దాన్ని చదివే తీరు మీరు ఊహించుకోవచ్చు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఒక కేర్ హోమ్ ఉద్యోగిని దొంగతనం ఆరోపణ మీద తీసేశారు, ట్రిబ్యునల్ తొలగింపు సబబే అంది. సొంతంగా అప్పీలు రాసుకునేవాళ్లు మామూలుగా ఇలా రాస్తారు:

"నేను దొంగతనం చేయలేదు. మేనేజర్ అబద్ధం చెప్పాడు. జడ్జి నా మాట నమ్మలేదు, కంపెనీవైపే మాట్లాడాడు. న్యాయం చేయగలరు."

మొదటి మూడు మాటలూ నిజానిజాల గురించి. నాలుగోది పక్షపాత ఆరోపణ, పైగా ఆధారం లేనిది. ఇందులో చట్టం ప్రశ్న ఒక్కటీ లేదు. ఇది మొదటి వడపోతలోనే పోతుంది. అదే కేసుని తీర్పు పక్కన పెట్టుకుని ఇలా రాయొచ్చు:

"గ్రౌండ్ 1. 1996 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టం సెక్షన్ 98(4) కింద, యజమాని చేసిన విచారణ కూడా సమంజసమైన హద్దుల్లో ఉందా అన్నది ట్రిబ్యునల్ తేల్చాలి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మరో ఇద్దరిని విచారణాధికారి అడగనే లేదన్న నా వాదన కారణాల పేరా 12లో నమోదైంది. పేరా 38 నుంచి 44 వరకు ట్రిబ్యునల్ చర్చించింది శిక్ష తీవ్రత గురించి మాత్రమే. విచారణ గురించిన నిర్ణయం ఎక్కడా లేదు. ముఖ్యమైన అంశాన్ని తేల్చకపోవడం చట్టరీత్యా తప్పు."

తేడా ఎక్కడుందంటే పేరా నంబర్లలో. ఏ చట్టం, ట్రిబ్యునల్ ఏం చేయాల్సింది, ఏ పేరాలో ఏం చేసింది లేదా చేయలేదు, దానివల్ల ఫలితం ఎలా మారేది. ఈ నాలుగూ ఉంటే గ్రౌండ్ నిలబడుతుంది. వివక్ష కేసుల్లోనూ ఇదే పద్ధతి. 2010 ఈక్వాలిటీ చట్టం సెక్షన్ 136 ప్రకారం రుజువు భారం యజమానికి మారాల్సిన దశ వచ్చిందా అని ట్రిబ్యునల్ అడిగిందా, ఏ పేరాలో అడిగింది, అన్నట్టు.

గ్రౌండ్స్ విడివిడిగా నంబర్లు వేసి, ఒక్కోటి ఒక్క విషయం మీదే రాయండి. మూడు గట్టి గ్రౌండ్స్ ముందు పదిహేను పలచటివి నిలవవు. పదిహేను రాస్తే ఆ మూడూ వాటిలో కలిసిపోతాయి కూడా. మొత్తం కేసు కథ మళ్లీ రాయొద్దు, కారణాల్లో అది ఉండనే ఉంది. "తర్వాత మరిన్ని గ్రౌండ్స్ చేర్చే హక్కు ఉంచుకుంటున్నాను" అని లాయర్ల నోటీసుల్లో చూసి కొందరు రాస్తారు. దానికి విలువేమీ లేదు, కొత్తది చేర్చాలంటే అనుమతి అడగాల్సిందే. ఇదంతా ఇంగ్లీషులోనే రాయాలి. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు చేయించుకునేటప్పుడు పేరా నంబర్లు తారుమారు కాకుండా చూసుకోండి.

ట్రిబ్యునల్ ముందు ఎత్తని వాదనని ఈఏటీలో కొత్తగా ఎత్తడం దాదాపు కుదరదు. కొత్త సాక్ష్యమూ అంతే. 1954 నాటి ల్యాడ్ కేసు పెట్టిన మూడు షరతులు దాటాలి: మామూలు శ్రద్ధతో వెతికినా అప్పట్లో దొరికి ఉండకూడదు, ఫలితాన్ని మార్చగలిగేంత ముఖ్యమైనదై ఉండాలి, నమ్మదగ్గదిగా ఉండాలి. బీరువాలో ఉన్న వాట్సాప్ మెసేజుల ప్రింటు అప్పుడు పెట్టడం మర్చిపోయాం అంటే మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది.

పక్షపాతం, జడ్జి ప్రవర్తన గురించి రాసేటప్పుడు మాత్రం వెయ్యిసార్లు ఆలోచించండి. ఏ రోజు, ఏ సమయానికి, ఏ మాట అన్నారో పూర్తి వివరాలు ఇవ్వాలి. ఈఏటీ మీ నుంచి ప్రమాణపూర్వక వాంగ్మూలం అడగొచ్చు. ఆ జడ్జిని, అవతలి పార్టీని కూడా జవాబు అడగొచ్చు. ఓడిపోయామన్న కోపంతో ఎత్తిన ఆరోపణ అని తేలితే ఖర్చుల భారం మీద పడే ప్రమాదం ఉంది.

వడపోత

అప్పీలు సరిగ్గా చేరాక జడ్జి గానీ, ఈఏటీ అధికారి అయిన రిజిస్ట్రార్ గానీ కాగితాల మీదే చదువుతారు. గ్రౌండ్స్‌లో వాదించదగ్గది ఏమీ లేదనిపిస్తే ఈఏటీ నిబంధనల్లోని రూల్ 3(7) కింద ఉత్తరం వస్తుంది, ఎందుకో రాసి. చాలామంది ఇక్కడే అయిపోయిందనుకుని వదిలేస్తారు. అయిపోలేదు. ఆ ఉత్తరం తేదీ నుంచి 28 రోజుల్లో రూల్ 3(10) విచారణ అడిగే హక్కుంది. జడ్జి ఎదుట మీ గ్రౌండ్స్ నోటితో వివరించొచ్చు, మామూలుగా అవతలివాళ్లు లేకుండానే. అప్పీలు పూర్తిగా నిరర్థకం అని జడ్జి ముద్ర వేసి ఉంటే మాత్రం ఆ అవకాశం ఉండదు.

లాయరు లేనివాళ్లకి ఈ దశలో ఒక మంచి సౌకర్యం ఉంది. ఎలాస్ అనే పథకం కింద ఉద్యోగ చట్టంలో అనుభవమున్న లాయర్లు రూల్ 3(10) విచారణలకి, పూర్తి విచారణకి పంపాలా వద్దా అని చూసే ప్రిలిమినరీ విచారణలకి ఉచితంగా సాయం చేస్తారు. ఆ రోజు పొద్దున మీతో మాట్లాడి, మీ గ్రౌండ్స్‌లో బలమైనది ఏరి, జడ్జికి అర్థమయ్యే భాషలో పెడతారు. అవసరమైతే గ్రౌండ్స్‌ని తిరగరాసి సవరణకి అనుమతి అడుగుతారు. మీరు చేయాల్సిందల్లా తీర్పు, కారణాలు, నోటీసు సర్ది ఉంచుకోవడం, మీకు తోచిన పదీ వాదించమని పట్టుబట్టకపోవడం.

వడపోత దాటితే కేసు పూర్తి విచారణకి వెళ్తుంది, లేదా ముందు ప్రిలిమినరీ విచారణకి. అలా పంపే ఆర్డర్‌లో బండిల్, అంటే పత్రాల కట్ట, ఎన్ని పేజీలుండాలి, స్కెలిటన్ వాదన, అంటే వాదన సారాంశం రాతలో, ఎప్పటికి ఇవ్వాలి అన్నీ ఉంటాయి. దాన్నే అక్షరం పొల్లుపోకుండా పాటించండి. అవతలి పార్టీ జవాబుకి మామూలుగా 28 రోజులు ఇస్తారు. మీరు ట్రిబ్యునల్‌లో గెలిచి, కంపెనీ అప్పీలు వేసినవాళ్లయితే ఈ 28 రోజులు మీవి. తీర్పులో మీకు నచ్చని భాగం ఏదన్నా ఉంటే ఎదురు అప్పీలు కూడా ఆ జవాబులోనే పెట్టాలి.

విచారణ చాలావరకు ఒక్క జడ్జి ముందే. 2013 నుంచి ఇదే మామూలు పద్ధతి. సాక్షులుండరు కాబట్టి సాధారణంగా సగం రోజుకో ఒక రోజుకో అయిపోతుంది. ఇండియాలో ఉన్నవాళ్లు వీడియోలో హాజరవడానికి ముందుగానే రాసి అనుమతి తీసుకోవాలి.

గడువు దాటిపోతే

అప్పుడైనా ఆగకుండా, కాగితాలన్నీ పంపి, దాంతోపాటే గడువు పొడిగించమని అడగండి. ఆలస్యం ఎంత, ఎందుకు, రోజువారీగా ఏం జరిగింది రాయాలి. 1995 నాటి అబ్దెల్‌గఫార్ కేసు పెట్టిన ప్రశ్నలు ఇప్పటికీ ఇవే: కారణం ఏమిటి, అది మంచి సాకేనా, అది చాలకపోయినా పొడిగించడానికి మరేదన్నా ప్రత్యేక పరిస్థితి ఉందా. రూల్స్ తెలియవన్నది, లాయరు దొరకలేదన్నది, పునఃపరిశీలన కోసం ఎదురుచూశామన్నది సాధారణంగా పనిచేయవు. కేసు ఎంత బలమైనదన్నదీ మామూలుగా చూడరు. ఆసుపత్రిలో ఉన్నామంటే డాక్టరు కాగితం, ఆ 42 రోజులూ ఎందుకు కుదరలేదో వివరం కావాలి. ఆఖరి వారం జ్వరమొచ్చిందంటే, మొదటి అయిదు వారాల సంగతేమిటని అడుగుతారు.

సమయానికే పంపి, ఒక పత్రం మర్చిపోయినవాళ్ల పరిస్థితి దీనికన్నా నయం. 2023 సెప్టెంబరు 30న వచ్చిన రూల్ 37(5) ప్రకారం, చిన్న పొరపాటైతే, సరిదిద్దుకుంటే, న్యాయమనిపిస్తే గడువు పొడిగించొచ్చు. ఎంత త్వరగా సరిచేశారన్నది చూస్తారు. కాబట్టి పత్రం లేదని ఆఫీసు చెప్పిన రోజే పంపేయండి, మర్నాటికి పెట్టొద్దు.

పొడిగింపు మీద మొదటి నిర్ణయం రిజిస్ట్రార్‌ది. కాదంటే జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు, దానికున్నది అయిదు రోజులే.

వీసా, డబ్బు, తర్వాతి మెట్టు

స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీసు మామూలుగా వీసాని 60 రోజులకి కుదిస్తుంది. అప్పీలు పెండింగులో ఉందన్నది దేశంలో ఉండే హక్కు ఇవ్వదు. ఈ రెండు గడియారాలూ విడివిడిగా నడుస్తాయి. అప్పీలు వేసేటప్పుడే ఇండియా అడ్రసు, ఎప్పుడూ చూసుకునే ఈమెయిల్ ఇచ్చేయడం మేలు.

ఓడినంతమాత్రాన అవతలివాళ్ల ఖర్చులు కట్టాల్సిన పని లేదు. అప్పీలు అనవసరమైనదనో, వేధించడానికి వేసిందనో, నడిపిన తీరు అసమంజసమనో తేలితేనే కట్టమంటారు. గెలిచినా వెంటనే చేతికి డబ్బు రాకపోవచ్చు. ఫలితం ఒక్కటే సాధ్యమైనప్పుడు, లేదా ఇరుపక్షాలూ ఒప్పుకున్నప్పుడు తప్ప ఈఏటీ తానే తీర్పు మార్చేయదు, 2014 జాఫ్రీ కేసు ఆ హద్దు గీసింది. మామూలుగా కేసుని అదే ట్రిబ్యునల్‌కో వేరే ట్రిబ్యునల్‌కో తిప్పి పంపుతుంది.

ఈఏటీలోనూ ఓడితే ఇంగ్లండ్, వేల్స్‌లో కోర్ట్ ఆఫ్ అప్పీల్, స్కాట్లండ్‌లో కోర్ట్ ఆఫ్ సెషన్. అక్కడికి అనుమతి లేకుండా వెళ్లలేరు. కోర్ట్ ఆఫ్ అప్పీల్‌కి గడువు 42 కాదు, ఈఏటీ సీలు వేసిన ఆర్డర్ తేదీ నుంచి 21 రోజులు.